ఆన్‌లైను అంగడిలో ప్రకటన: శ్రావకుని కొక ప్రశ్న

దీపావళినాడు, శ్రీ మహావీర స్వామివారు నిర్వాణము పొందిన దినమున, మన ఇండ్లలో పాత ఖాతా ముగించి కొత్త ఖాతాకు పూజ చేయుట తరతరముల ఆచారము. మొదటి పుటపై శుభము, లాభము అని వ్రాసికొందుము. శుభమును ముందును, లాభమును తరువాతను వ్రాయుట మన పెద్దలు ఊరక పెట్టిన వరుస కాదని నా అభిప్రాయము. ఈ పదేండ్లలో ఆ ఖాతాలోనికి ఒక కొత్త పద్దు వచ్చి కూర్చున్నది. అద్దె, జీతములు, కరెంటు, లారీ కిరాయి, దళారీ అను పద్దులు మన తాతల నాటివి. వాని సరసన ఇప్పుడు "ప్రకటనలు" అను పద్దు కనబడుచున్నది. కొన్ని ఇండ్లలో అది అద్దెను మించిపోయినది. ఈ పద్దును గూర్చి లెక్కల దృష్టితో మాటలాడువారు చాలమంది కలరు. వ్రతదృష్టితో మాటలాడినవారు నాకు కానరాలేదు. నేను పండితుడను గాను; హైస్కూలు చదువుతో అంగడిలో కూర్చున్నవాడను. అయినను ప్రశ్న అంగడిలో పుట్టినది గనుక అంగడివాడు అడుగుట తప్పు గాదనుకొందును.

ప్రకటన మనకు కొత్తది కాదు. అంగడి బోర్డు ప్రకటనయే. గోడమీద రంగువ్రాత, పెండ్లిండ్ల రోజులలో పంచు కరపత్రము, సినిమాహాలులో వేసిన స్లైడు, ఉచితముగా ఇచ్చు క్యాలెండరు, అన్నియు ప్రకటనలే. ఇంతెందుకు, ఈ సంచిక వెనుక పుటలు తిరుగవేయుడు. మన సంఘమువారి దుకాణముల ప్రకటనలు లేనిదే ఈ పుస్తకమునకు కాగితపు ఖర్చులైనను రావు. కాబట్టి ప్రకటనయే దోషమని నేను వాదించుట లేదు. సరకున్నదని చెప్పుట వర్తకుని పని. నోరు లేని అంగడికి బేరము రాదు.

అయితే ఆ పాత ప్రకటనలలో ఒక గుణము కలదు. మన బోర్డు మన గోడకే వ్రేలాడును. మన క్యాలెండరు ఎవరి ఇంట నున్నదో మనకు తెలియును. నేటి ప్రకటన అట్టిది కాదు. అది ఎచ్చట నిలుచునో, ఎవరి త్రోవకు అడ్డముగా నిలుచునో, డబ్బు కట్టినవానికే పలుమార్లు తెలియదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఆన్‌లైను వ్యాపారము ఎరుగని పెద్దల కొరకు ఆ పద్ధతి కొంచెము వివరింతును. ఫ్లిప్‌కార్టు 2007లో బెంగుళూరులో పుస్తకముల అమ్మకముతో మొదలైనది. అమెజాను 2013లో మన దేశమున అంగడి తెరచినది. మీషో 2015లో వచ్చినది. ఇట్టి అంగళ్ళలో మనబోటి చిన్న వర్తకుడు తన సరకు ఫొటోలు, ధర, వివరములు పెట్టుకొనును. కొనువాడు సెల్‌ఫోనులో "మగవారి జీను ప్యాంటు" అని వ్రాయగనే వేలకొలది ప్యాంట్లు వచ్చి నిలుచును. కాని సెల్‌ఫోను తెర అరచేయంత. ఒక చూపునకు నాలుగైదు సరకులకన్న ఎక్కువ కనబడవు. ఆ నాలుగైదింటిలో నుండుటకే పోటీ అంతయు. కొన్ని చోట్లు గిరాకిని బట్టి, ధరను బట్టి, కొన్నవారి అభిప్రాయములను బట్టి దక్కును. కొన్ని చోట్లను సంస్థవారు డబ్బునకు ఇత్తురు. వాని ప్రక్కన చిన్న అక్షరములతో "స్పాన్సర్డు" అని యుండును. కండ్లజోడు లేని పెద్దలకు అది కనబడదు. కనబడినను ఇంగ్లీషు రానివారికి దాని అర్థము తెలియదు. ప్రకటనను ప్రకటన కానట్లు చూపుట కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో 13 మోసపు పద్ధతులలో ఒకటిగా చేరినది. సంతోషమే. ఆ అక్షరముల పొడవు వెడల్పులు మాత్రము మనబోటివారి చేతిలో లేవు.

ఆ చోటునకు అద్దె స్థిరమైనది కాదు. అది వేలము. "జీను ప్యాంటు" అను మాటకు, ఒక క్లిక్కునకు 5 రూపాయలు అని నేను పాట పెట్టుదును; మరియొకడు 6 అనును. ఎవరెంత పాడిరో, ఎవరి సరకు అమ్ముడు పోవునో అంచనా కట్టి యంత్రము క్షణములో తేల్చును. కొనువాడు మన బొమ్మను చూచినంత మాత్రమున డబ్బు పడదు. వ్రేలితో నొక్కినచో పడును. నొక్కి కొనక పోయినను పడును.

వేలమనగానే మనకు మందిరములోని బోలి జ్ఞాపకము వచ్చును. శ్వేతాంబర మందిరములలో పర్యూషణమునందు పదునాలుగు స్వప్నముల బోలి, దిగంబర మందిరములలో అభిషేకపు బోలి మనమందరము ఎరిగినవే. అక్కడ పాట బహిరంగము. ఎవరెంత అన్నారో సంఘమంతయు వినును. స్వప్నముల బోలితో వచ్చిన ధనమును దేవద్రవ్యముగా ఎంచి ఎవరును తమ ఇంటికి వాడుకొనరు. పాట దక్కనివాడు అనుమోదన చేసి చేతులు జోడించి ఆ పుణ్యములో పాలు పొందును. సెల్‌ఫోను బోలిలో ఎదుటివాడెవడో తెలియదు, ఎంత అన్నాడో తెలియదు, పాట దక్కనివానికి మిగులునది ఏమియు లేదు. పదిమంది చిన్న వర్తకులు ఒకే మాటకు పంతము పట్టి పాట పెంచుకొన్నచో, కడకు వారి వరుస మునుపటి వరుసయే యుండవచ్చును. వారి లాభము మాత్రము చోటు అమ్మినవానికి చేరును. సంస్థవారిది పాపమని నేననను. వారి చోటును వారు అమ్ముకొనుచున్నారు. పాటలో పౌరుషము పనికిరాదని చెప్పుటకే ఇంత వ్రాసితిని.

లెక్క కూడ చూతము. మా బళ్ళారి జీను ప్యాంట్లకు పేరుపడినది గనుక దానినే తీసికొందును. అంకెలు ఉదాహరణకు మాత్రమే. అమ్మకపు ధర రు. 700. గుడ్డ, కుట్టు, వాషింగు, జిప్పు, గుండీలు కలిసి రు. 430. సంస్థవారి రుసుములు, పంపకపు ఖర్చు, ఇతరములు రు. 150. మిగులు రు. 120. క్లిక్కునకు రు. 5 చొప్పున, ఇరువదిమంది నొక్కినచో ఒకడు కొనుననుకొందము. అనగా ఒక ప్యాంటు అమ్ముటకు ప్రకటన ఖర్చు రు. 100. దానిపై 18 శాతము జి.ఎస్.టి. వేరు, అది తరువాత జమ తీసికొనవచ్చును గాని ముందు చేతినుండి పోవును. ఇంకను రు. 20 మిగిలినదని సంతోషింపవచ్చును. పది ప్యాంట్లలో రెండు సైజు సరిపడలేదని వాపసు వచ్చినచో? పదింటికి ప్రకటన ఖర్చు రు. 1000. నిలిచిన ఎనిమిదింటిపై మిగులు రు. 960. నలువది రూపాయల నష్టము; వాపసు కిరాయి దానికి తోడు. సరకు వాపసు వచ్చును గాని క్లిక్కులకు పెట్టిన డబ్బు వాపసు రాదు.

మన పిల్లలు తెరమీద పైకి పోవు గీతను చూపి "అమ్మకములు పెరిగినవి" అందురు. గీత పైకి పోవుచుండగా రోకడి క్రిందికి పోవుట ఈ వ్యాపారమందలి విచిత్రము. మా ఇంటిలో ఈ లెక్కలు చూచునది మా కోడలు. ఆమె గీతను చూడదు. నెలాఖరున వాపసులు పోగా నిలిచిన ప్యాంట్లనే లెక్కించును.

లెక్క తప్పినచో నష్టము మనది. దానిని మనమే భరింతుము. అసలు ప్రశ్న మరియొకటి. ఈ పాటలో "జీను ప్యాంటు" వంటి సరకు పేర్లనే గాక, మరియొక వర్తకుని పేరును గూడ పాడవచ్చును. ఒక చిన్న వర్తకుడు పదేండ్లు శ్రద్ధగా కుట్టించి తన మార్కునకు మంచి పేరు తెచ్చుకొన్నాడనుకొందము. కొనువాడు ఆ పేరే వ్రాసి వెదకును. ఆ పేరు మీద నేను డబ్బు కట్టినచో, అతని ప్యాంటునకు పైన నా ప్యాంటు కనబడును. లేదా, అతని సరకు పుటను తెరచి చూచుచున్నవానికి, ఆ పుటలోనే, పది రూపాయలు తక్కువకు నాది కనబడునట్లు చేయవచ్చును.

ఇది చట్టమునకు విరుద్ధమా యని అడిగిన, కాదనియే చెప్పవలెను. 2023 ఆగస్టు 10న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము, గూగుల్ వారికిని ఇంటి సామాను చేరవేయు ఒక సంస్థవారికిని నడచిన వ్యాజ్యములో, పరుల వ్యాపార చిహ్నమును ప్రకటనకు వెదకుడు మాటగా వాడుట దానంతట నదియే ఉల్లంఘన కాదనెను. కొనువాడు భ్రమపడునట్లున్నను, పరుల పేరును అన్యాయముగా వాడుకొన్నను అప్పుడు ఉల్లంఘన కావచ్చునని చెప్పెను. అనగా "ఇది ఫలానావారి ప్యాంటు" అని భ్రమ పెట్టనంతవరకు చట్టము మన జోలికి రాదు.

చట్టము ఆగినచోట వ్రతమును ఆగునా? ఈ మాట మా ఇంటిలో వచ్చినపుడు మా తమ్ముని కుమారుడు గట్టిగా వాదించెను. "పెదనాన్నా, బజారులో పది బట్టల కొట్లు ప్రక్కప్రక్కనే యుండవా? ఒక కొట్టు దిగినవాడు ప్రక్క కొట్టు ఎక్కుట లేదా? వ్యాపారములో కొంత హింస తప్పదనియు, ఉద్యోగీ హింస గృహస్థునకు పూర్తిగా విడువ సాధ్యము కాదనియు మహారాజుగారే వ్యాఖ్యానములో చెప్పిరి గదా?" అనెను. కుర్రవాని మాట త్రోసివేయదగినది కాదు. దానికి రెండు జవాబులు చెప్పవలసి యున్నది, ఒకటి బజారునుండి, మరియొకటి శాస్త్రమునుండి.

బజారు మాట ముందు. మన పాత బజారులలో పెద్ద కొట్లవారు పిలుపునకు కుర్రవాండ్రను పెట్టుకొనువారు. "రండమ్మా, రండన్నా" అని వీధిలో పోవువారినందరిని పిలుచుటయే వారి పని. దానిని ఎవరును తప్పు పట్టలేదు. కాని ఎదుటి కొట్టు మెట్టు మీద కాలు పెట్టినవానిని పిలువరాదు. ఇది ఎక్కడను వ్రాసిన చట్టము కాదు. పిలిచినచో ఆ సాయంకాలమే పెద్దలు ఆ కొట్టు యజమానిని పిలిపించి మందలించువారు. వీధిలో పోవువాడు అందరి బేరము. మెట్టెక్కినవాడు ఆ కొట్టు బేరము. దిగి వచ్చిన తరువాత మరల అందరి బేరమే. ప్రక్కప్రక్కన పది కొట్లు కలహము లేక బ్రతుకుటకు ఈ మెట్టు మర్యాదయే ఆధారము. ఇప్పుడు చూడుడు: సరకు పేరు వ్రాసి వెదకువాడు వీధిలో పోవువాడు. వర్తకుని పేరు వ్రాసి వెదకువాడు మెట్టెక్కినవాడు. సరకు పుట తెరచి చూచుచున్నవాడు లోపల కూర్చుండి గుడ్డను చేతితో తడవి చూచుచున్నవాడు.

ఇక శాస్త్రపు మాట. గృహస్థుని హింసను సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అని నాలుగు విధములుగా చెప్పుదురు. వంటయింటిలోను ఇంటి పనులలోను తప్పనిది ఆరంభీ, వృత్తిలో తప్పనిది ఉద్యోగీ, ఆత్మరక్షణలో తప్పనిది విరోధీ. సంకల్పీ యనగా బుద్ధిపూర్వకముగా, దీనిని అని ఎంచుకొని చేయునది. శ్రావకుడు మొట్టమొదట విడువవలసినది అదియే. నేను "జీను ప్యాంటు" అను మాటకు పాట పాడినపుడు ఎవనికో ఒకనికి ఒక బేరము తగ్గును. ఎవనికి తగ్గునో నాకు తెలియదు; వానికే తగ్గవలెనని నా తలపులో లేదు. దీనిని ఉద్యోగీ యనవచ్చును. ఫలానావాని పేరు ఎంచుకొని, వాని కొరకు వచ్చినవానిని త్రిప్పుటకు డబ్బు కట్టినపుడు ఆ మాట చెల్లదు. తలపు ముందు పుట్టినది, వ్యాపారము దాని వెనుక నడచినది. ఇందులో ప్రాణము తీయుట ఎక్కడ నున్నదని అడుగుదురు. ధనము మనుష్యునకు బయట తిరుగు ప్రాణమని, పరధనమును హరించుట అందుచేత హింసయేనని అమృతచంద్రాచార్యులవారు పురుషార్థ సిద్ధ్యుపాయమున చెప్పియున్నారు. రోజునకు ఆరు ప్యాంట్లు అమ్ముకొని బ్రతుకువానికి రెండు పోయినచో ఆ మాట అర్థమగును.

పెద్ద కంపెనీ పేరైనచో ఏమి, వారికి నష్టమేమి అని మరికొందరందురు. నష్టము తక్కువయే, చేయు పని మాత్రము అదియే. ఎదుటివాడు మన పేరు మీద పాట పెట్టినచో మనము మన పేరు మీద పెట్టుకొనవచ్చునా? తప్పక పెట్టుకొనవచ్చును. తన ఇంటి గడపకు తానే సుంకము చెల్లించినట్లుండును గాని అందులో పరులకు కీడు లేదు. వాడు పెట్టినాడు గనుక మనమును వాని పేరు మీద పెట్టుదమనుట వేరు. దానిని ఆత్మరక్షణ యనుటకు నాకు నోరు రాదు.

"నేను ఎవరి పేరును ఎంచుకొనలేదు, నాకీ గొడవ లేదు" అనువారు కలరు. వారితో ఒక మాట. ప్రకటన పెట్టునపుడు సాధారణముగా రెండు త్రోవలుండును. ఒకదానిలో ఏ మాటలకు పాట పాడవలెనో మనమే ఎన్నుకొందుము. రెండవది ఆటోమేటిక్. రోజునకు ఇంత అని చెప్పి మీట నొక్కిన చాలును. ఏ మాటకు చూపవలెనో, ఎవరి పుటలో చూపవలెనో యంత్రమే చూచుకొనును. కొత్తగా దిగినవానికి ఇది సులువుగా తోచును. కాని ఆ యంత్రమునకు వీధి తెలియదు, మెట్టు తెలియదు. మన సరకును పోలిన సరకు ఎక్కడ చూడబడుచున్నదో అక్కడ మనదానిని నిలుపుట దాని పనులలో నొకటి. మనము ఎంచుకొనకున్నను మన డబ్బుతో అది ఎంచుకొనును.

ప్రతిక్రమణము చేయువారికి కృతము, కారితము, అనుమోదితము అను మూడు మాటలు కొత్త కాదు. తాను చేయుట, పరులచేత చేయించుట, చేసినదానికి సమ్మతించుట. యంత్రముచేత చేయించినది కారితము గాక మరేమి? ఏ మాటలకు, ఏ పుటలనుండి అమ్మకములు వచ్చినవో సంస్థవారు నివేదిక ఇత్తురు. అందులో పొరుగువాని పుటనుండి మూడు బేరములు వచ్చినవని చదివి మందహాసము చేసినచో అనుమోదితము గూడ పూర్తియైనది. నివేదికయే తెరువకున్నచో ఆ మూడవది తప్పునేమో గాని రెండవది తప్పదు.

తత్త్వార్థ సూత్రము ఏడవ అధ్యాయములో దేశవ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. నేను వానిని చదివినపుడెల్ల మన కాలమును చూచి వ్రాసినట్లు తోచును. ఒక శ్రావకుడు ఇంతకాలము ఈ హద్దు దాటనని వ్రతము పట్టినాడు. కాలు దాటలేదు. కాని హద్దు బయటి వస్తువును తెప్పించుకొనెను. లేదా సేవకుని పంపెను. లేదా కేక వేసి తన శబ్దమును బయటికి పంపెను. లేదా తన రూపమును బయటివారికి కనబరచెను. లేదా రాయి విసరి తనవైపు చూచునట్లు చేసెను. శరీరము హద్దులోనే యున్నది, వ్రతమునకు మాత్రము మచ్చ పడినది. శబ్దానుపాతము, రూపానుపాతము అని వీనిలో రెండింటికి పేర్లు. ఈనాటి ప్రకటన ఆ రెండును గాక మరేమి? అపార్థము చేసికొనకుడు, దేశవ్రతము పట్టనివానికి ఈ అతిచారము లేదు, దూరదేశములకు సరకు పంపుట దోషమని నేను చెప్పుట లేదు. ఆ సూత్రకారుని చూపును మాత్రము గమనింపుడని నా మనవి. మన మాటయు మన బొమ్మయు పోయినచోటికి మనము పోయినట్లే ఆయన లెక్క వేసినాడు. బళ్ళారిలో గద్దె మీద కూర్చుండి, వేయి మైళ్ళ దూరపు వర్తకుని మెట్టు మీద నా ప్యాంటు బొమ్మను నిలిపినచో, నేను అక్కడ నిలిచినట్లే.

కనుక ఎన్నుకొనవలసి వచ్చినపుడు, మాటలను మనమే ఎన్నుకొను ప్రకటన శ్రావకునకు తగినదని నా అభిప్రాయము. శ్రమ ఎక్కువ. రోజు కూర్చుండి చూడవలెను. ఏ మాటలు పనికివచ్చునో తెలియక ఆటోమేటిక్ తప్పనిసరి యైనచో, కొద్ది దినములు నడపి, నివేదిక చూచి, పరుల పేర్లను, పరుల పుటలను "వద్దు" పట్టీలో చేర్చవచ్చును. దానికి వారు నెగటివ్ అని పేరు పెట్టిరి. నాకు అది మన వ్రతపట్టీవలె కనబడును. మనమును ఫలానా తిననని, ఫలానా తాకనని పట్టీ వ్రాసికొనువారమే గదా.

రోజువారీ హద్దును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పరిగ్రహ పరిమాణము ఎరిగినవారికి హద్దు ముందే వ్రాసికొనుట నేర్పవలెనా? మధ్యాహ్నమునకే హద్దు ముగిసినదని, పెంచినచో ఇంకను అమ్మకములు వచ్చునని సెల్‌ఫోనులో కబురు వచ్చును. సాయంకాలము సామాయికమునకు కూర్చున్నవాని జేబులో ఆ ఫోను మ్రోగుచునే యుండును. అంతకన్న చెప్పను.

క్లిక్కునకు డబ్బు కట్టుటకన్న, అమ్మినపుడే కమీషను కట్టు పద్ధతి మేలని చాలమంది తలంతురు. మండీ దళారీ వలె నున్నది గనుక మనకు నచ్చుట సహజము. అమ్మకము లేనిచో బాకీ లేదు. అయినను షరతులు చదువవలెను. చేతిపనుల వస్తువులను విదేశములకు అమ్ము మనవారిలో కొందరికి అమెరికావారి ఎట్సీ అను అంగడి తెలిసి యుండును. వారు 2020లో ఒక పద్ధతి పెట్టిరి: మన వస్తువులను గూగుల్ మొదలగుచోట్ల వారే ప్రకటింతురు, ఆ ప్రకటన నొక్కినవాడు కొనినచో, చిన్న అంగడివాడు 15 శాతము ఇయ్యవలెను, వద్దనుకొన్న మానవచ్చును. కాని ఒక సంవత్సరములో అమ్మకములు 10,000 డాలర్లు చేరినచో శాతము 12కు తగ్గును, మానుటకు మాత్రము వీలుండదు. నొక్కినవాడు ఆ వస్తువును గాక, 30 దినములలోపల ఆ అంగడిలో మరేది కొన్నను కమీషను పడును. దళారీ పద్ధతియే, అయితే మన మండీలో ఇష్టము లేని దళారీని మార్చుకొనవచ్చును. ఎక్కడ మానుటకు వీలు లేదో అక్కడ అది ప్రకటన కాదు, సుంకము. దానిని ధరలో చేర్చి చూచుకొని, గిట్టినచో నుండవలెను, గిట్టనిచో లేవవలెను. మాటలను ఎన్నుకొను అధికారమును మన చేతిలో లేదు గనుక, కారితము మాట ఇక్కడను పూర్తిగా తీరలేదు. ఇట్టిచోట బాధ్యత ఎంతవరకు మనదో నేను తేల్చి చెప్పలేను. విద్వాంసులైన మహారాజులు చెప్పవలెను.

సరకు వివరములను గూర్చి మన సంఘములో వేరుగా బోధింపనక్కరలేదు. బొమ్మలో ఒక గుడ్డ, పొట్లములో మరియొక గుడ్డ పెట్టుట ప్రతిరూపక వ్యవహారము. బంధువులచేత మంచి అభిప్రాయములు వ్రాయించుట కూటలేఖ క్రియ. వర్తకుడు కొన్నవాని వేషముతో అభిప్రాయము వ్రాయరాదని 2020 నాటి ఈ-కామర్సు నిబంధనలు గూడ చెప్పుచున్నవి. ఒకటి మాత్రము చేర్తును. అంగడిలో ఒక అబద్ధము చెప్పినచో ఒకడు వినును. వివరములలో అబద్ధముంచి దానిపై ప్రకటన పెట్టినచో, ఆ అబద్ధమును వేయిమందికి వినిపింపుమని మనమే కూలి ఇచ్చినట్లు.

ఇన్ని నియమములు పెట్టుకొన్న చిన్నవాడు బ్రతుకునా అని అడుగుదురు. "ధర్మముగా నడచిన లాభము తానే వచ్చును" అని వేదికల మీద చెప్పువారి మాట నేను నమ్మను. పరుల పేర్లను విడిచినవానికి కొన్ని బేరములు తప్పక పోవును. ఎదుటివాడు విడువడు. అప్పు తెచ్చి పది మిషన్లు పెట్టిన కుర్రవాడు, ఎనిమిదిమంది కుట్టువాండ్రకు వారమువారము కూలి ఇయ్యవలసినవాడు, "నా వ్రతము కొరకు వీరి పిల్లలు పస్తుండవలెనా?" అని అడిగినచో నాకు వెంటనే జవాబు తోచలేదు. చాల దినములు ఆలోచించితిని. వాని పేరు మీద పాట పెట్టబడిన ఆ ఎదుటివాని యింటను కుట్టువాండ్రున్నారు. వారికి గూడ వారము ముగియును. మన కుట్టువాండ్ర కూలి వారి కూలినుండి తీసి ఇచ్చుట నాకు న్యాయముగా తోచలేదు. గిట్టని మాటలకు పాట మానుట, వాపసులు తగ్గునట్లు సైజు కొలతలు సరిగా వ్రాయుట, ఒకసారి కొన్నవాడు మరల మన పేరే వ్రాసి వెదకునట్లు కుట్టించుట - ఇవి మిగిలిన త్రోవలు. ఇవి నెమ్మదిగా నడచునవి. అప్పు మీద వడ్డీ నెమ్మదిగా నడువదు. ఈ బాధ నిజమైనది. ఇట్టి కుర్రవానికి ఉపదేశముకన్న సంఘమువారు తక్కువ వడ్డీకి కొంత సొమ్ము సర్దుట మేలు. హేమచంద్రాచార్యులవారు యోగశాస్త్రమున సద్గృహస్థునకు చెప్పిన 35 గుణములలో మొదటిది న్యాయముగా సంపాదించిన ధనము. ఆ మొదటి గుణము ఒంటరివానికి ఎంత కష్టమో పెద్దలు గుర్తింపవలెను.

చివరకు ఒక చిన్న విషయము మిగిలి యున్నది. సంవత్సరీనాడు మన అంగళ్ళకు తాళము వేయుదుము. ఉపవాసముండి, ప్రతిక్రమణము చేసి, తెలిసినవారికెల్ల, అందు పొరుగు వర్తకునకు గూడ, మిచ్ఛామి దుక్కడం చెప్పుదుము; ఇప్పుడు వాట్సాపులో పంపుదుము. తాళము వేసిన అంగడి ప్రకటన మాత్రము ఆ దినమంతయు పాట పాడుచునే యుండును. క్షమాపణ చేరిన క్షణముననే మన బొమ్మ ఆ వర్తకుని పుటలో నిలిచి యుండవచ్చును. ప్రకటనను ఆపుటకు ఒక మీట కలదు. ఆపినచో మరునాటికి వరుసలో వెనుకబడుదుమని కుర్రవాండ్రు భయపడుదురు. ఆ భయము ఉత్తది కాదు. మా ఇంటిలో ఇద్దరు ఆపుదమనిరి, ఒకరు వద్దనిరి. సంవత్సరీ దినమున ఆపుటకే నిశ్చయమైనది. పర్యూషణపు ఎనిమిది దినములును ఆపవలెనా అనునది ఇంకను తేలలేదు.